వరమ్మ చారుకు పుల్లటి టమాట

"నవ్వకు అమరనాథ్ సేటూ! కిరాణం ముచ్చట నువ్వు చెప్పు, కూరగాయల ముచ్చట ఈ పెంటయ్యకు ఇడిసిపెట్టు. మాదన్నపేట మార్కెట్ల ఇరవై ఏండ్ల సంది అమ్ముతున్న. జహంగీర్ భాయ్, జర ఆ చాయ్ ఇటియ్యి, గొంతు తడుపుకుంట చెప్త.

రెండు వేల సంవత్సరంల మా ఇంటామె వరమ్మకు టైఫాయిడ్ అయింది గద. జరం పోయింది గని నోరు చచ్చింది. ముద్ద వెడితే మట్టి లెక్కున్నదంటది. మనిషి సగమైంది. తిండి తినకపోతే కష్టమన్నడు డాక్టర్. మస్తు భయపడ్డ సేటూ. ఒకనాడు ఆమెనే అన్నది, 'మా అమ్మగారింటి తీరు పుల్లటి టమాట చారైతే తింటనేమో' అని. మార్కెట్ అంత తిరిగిన. అన్ని ఎర్రగ, నున్నగ ఉన్నయ్, కొరికితే ఉత్త నీళ్లు."

"మరేం చేసినవ్?" అన్నడు సేట్.

"నేనే పుట్టించిన! మిద్దె మీద నూనె డబ్బాలల్ల మట్టి వోసి మొక్కలు వెట్టిన. చెట్టుకొక పండు కొరికి చూసుడు, ఏది పుల్లగుంటే దాని గింజలు బూడిదల కలిపి దాచుడు, మళ్ల అవే వెట్టుడు. మొదటి పంటకే వరమ్మ రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. ఇగ నాకు జోష్ వచ్చింది. రెండో పంటకు పండ్లు జివ్వుమన్నయ్. మూడో పంటకు ఒక కాకి పొడిచి సూసింది, దాని మూతి వంకర వోయింది, ఇప్పటికీ శాలిబండల గట్లనే తిరుగుతున్నది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? నాలుగో పంట గంపల వెట్టుకొని గల్లీల నడుస్తుంటె ఇంటింటికి పాలు విరిగినయ్!"

"అరె, మేరా దూధ్ తో నహీ ఫటా!" అన్నడు చాయ్ హోటల్ జహంగీర్.

"నీ చాయ్‌ల పాలుంటె గద భాయ్ విరిగేది! ఇను. ఒక్క పండు చెయ్యి జారి పురానాపూల్ కాడ మూసీల వడ్డది. అంతే, మూసీ మూసీ అంత చారైంది. జనం కంచాలల్ల అన్నం వెట్టుకొని లైన్ కట్టిన్రు. లొల్లి ఆపనీకి వచ్చిన పోలీసులు గూడ తలా ఒక గిన్నె వట్టుకపోయిన్రు!"

"మరి పోపెవరు వెట్టిన్రన్నా?" అన్నడు సేట్.

"గా ఎండకు ఆవాలు వాటంతటవే చిటపటమన్నయ్! గవన్ని పోనియ్ సేటూ. నా వరమ్మ గా చారు వోసుకొని గిన్నె ఊడ్చి తిన్నది. ఇయ్యాల లేచి తిరుగుతున్నదంటె గా టమాటల పుణ్యమే. రోజు పొద్దుగాల గా డబ్బాలకు దండం వెట్టినంకనే మార్కెట్‌కు వోత."

అమరనాథ్ సేట్ కప్పు కింద వెట్టిండు.

"పెంటన్నా, ఏమనుకోకు. దండం వెట్టాల్సింది డబ్బాలకు కాదు. వరమ్మక్క వారం వారం నా దుకాణంల చింతపండు కొనుక్కపోతది. 'మా ఆయన టమాటలు ఉత్త చప్పిడి సేటూ. పాపం నా కోసం మిద్దె మీద గంత కష్టపడుతున్నడు. చారుల చింతపండు పిసుకుతున్ననని చెప్పకు' అని నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నది."

హోటల్ల ఉన్నోళ్లంత పక్కున నవ్విన్రు. పెంటయ్య నవ్వలె.

"ఎప్పటి సంది సేటూ?"

"నీ మొదటి పంట సంది."

"మరి తినుడు? గదైనా నిజమేనా?"

"నిజమే అన్నా. నీ టమాటలు చూసే తినబుద్ధయిందంట ఆమెకు."

పెంటయ్య భుజం మీది తువ్వాలతోని కండ్లు తుడుసుకున్నడు.

"సల్లగుండాలె నా వరమ్మ. లే సేటూ, దుకాణం తీయ్. ఒక పావుకిలో చింతపండు కట్టు. ఈసారి నేనే తీస్కపోయి ఆమె చేతుల వెడత."