పెద్దమ్మ కార్డు

"మోకాలు ఎలా ఉందమ్మా? తమ్ముడుగారు ఇంకా మాట్లాడట్లేదా?"

పెద్దమ్మ ఫోన్ స్పీకర్లో ఆ గొంతు వినగానే గుర్తుపట్టేశానండీ. అది మా మేడమ్! ఆఫీసులో నా ఎదురుగా కూర్చునే మేడమ్!

ఆగండి, మొదట్నించీ చెప్తా. డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం. చూపు లేని పిల్లలకి బడి నడిపే సంస్థ. బడి నిజమే, పిల్లలూ నిజమే, అందులో డౌట్ లేదు.

నా పనేంటంటే, చందాలిచ్చే పెద్దవాళ్ళకి ఫోన్ చేసి కబుర్లు చెప్పడం. వీలునామాలో మా బడి పేరు కూడా రాయించడం. మొహమ్మీద అడక్కూడదట! మందులేసుకున్నారా, నిద్ర పట్టిందా... అలా నెమ్మదిగా. వాళ్ళేం చెప్పినా కార్డు మీద రాసుకోవాలి.

ట్రైనింగ్‌లో మేడమ్ "ఊరికే నమూనాకి, నీకు తెలిసినవాళ్ళ మీద ఓ కార్డు నింపు" అంది. నాకెవరు తెలుసు? నన్ను పెంచిన పెద్దమ్మ. మోకాళ్ళ నొప్పి, పై వాటాలో ఉండే తన తమ్ముడితో, అంటే మా మామయ్యతో గొడవ, మూడేళ్ళుగా మాటల్లేకపోవడం, అన్నీ రాశా. ఫోన్ నంబరుతో సహా, నా బుద్ధి తగలెయ్య! "ఎంత బాగా రాశావే!" అంటే పొంగిపోయా కూడా.

ఇప్పుడు పెద్దమ్మ ఇల్లు మొత్తం, పై వాటాతో సహా, వీలునామాలో బడికి రాసేస్తుందట. గురువారం లాయర్ దగ్గరికి. నా ఉద్యోగం ఆ బడిలోనేనని ఆవిడకింకా తెలీదు. "నా మంచీచెడూ అడిగేది ఆ అమ్మాయొక్కతే. మీరందరూ ఉన్నారు, ఎందుకూ?" అంటోంది.

మేడమ్‌ని నిలదీశా. నవ్వింది. "నేనేమన్నా అబద్ధం చెప్పానా? రాసింది నువ్వే కదా!"

అప్పట్నించీ ఎవరు "బాగున్నావా" అన్నా, ఎక్కడ రాసుకుంటున్నారో అని అనుమానమే.

అసలు సంగతి చెప్పనా? కార్డు చివర్లో ఓ గడి ఉంటుంది, 'చూడ్డానికి ఎవరైనా వస్తుంటారా?' అని. అందులో నా చేత్తో 'ఎవరూ రారు' అని రాశా. అప్పటికి నేను వెళ్ళి నాలుగు నెలలైంది మరి.

పెద్దమ్మకి చెప్తే, తన బాధంతా మోసుకెళ్ళి వాళ్ళకిచ్చింది నేనేనని తెలిసిపోతుంది. నా మొహం చూస్తుందా? చెప్పకపోతే, ఆవిడ తర్వాత మామయ్యావాళ్ళు పెట్టేబేడా సర్దుకుని ఎక్కడికి పోతారు? పోనీ, ఆ పిల్లలకే దక్కితే తప్పేంటని కూడా అనిపిస్తోంది, ఏం చెయ్యను!

ఇవాళ మంగళవారం. మీరైతే చెప్తారా, నోరు మూసుకుంటారా?