సూరమ్మ గుండెకి పచ్చజెండా

“చిన్న కథే, రెండు ముక్కల్లో చెప్పేస్తాను” అంటూ అమ్మిరాజు మోవా పేటలో చాయ్ కొట్టు బల్ల మీద కూర్చునేసరికి పొద్దున్న ఏడున్నర. మొదటి ముక్క తిల్దా స్టేషన్లో అతను గూడ్సు గార్డుగా చేసిన రోజుల దగ్గర మొదలైంది కాబట్టి, రెండోది ఎప్పటికొస్తుందని ఎవరూ అడగలేదు.

సంగతేమిటంటే, అతని భార్య సూరమ్మ గుండెలో కవాటం పాడైంది. టెస్టులని ఆసుపత్రిలోనే ఉంది, కూతురు నీలిమ తోడు. ఎల్లుండి ఆపరేషన్. ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద అమ్మిరాజు ఇంకా సంతకం పెట్టలేదు. గార్డు అంతా చూసుకుని పచ్చజెండా ఊపందే బండి కదలకూడదు, గుండైనా అంతే అని అతని వాదం.

“మొన్న డాక్టర్లు పిలిచారు కదా. ఐదుగురం, ఐదు ఫోన్లు. ఖాళీ బల్ల వైపు ఫోన్ పట్టుకుంటే దాని మీద సూరమ్మ గుండె తేలుతూ కనిపిస్తుంది. ఒకరు వేలితో గీత గీస్తే అందరి ఫోన్లలోనూ పడుతుంది. ఎక్కడ కొయ్యాలో అలా ముందే చూసుకుంటారన్నమాట. వాళ్ళు గీసింది చూశాను. తప్పు. చెరిపేశాను.”

“పెద్ద డాక్టరు గీసిందా?” అన్నాడు చెన్నకేశవులు. లోకోషెడ్డులో ఇంజన్ల మోత మధ్య చేసి చేసి అతనికి సగమే వినిపిస్తుంది. అందుకే అమ్మిరాజుకి అతనంటే ఇష్టం.

“ఆయనదే. ‘ఇక మీరే చెప్పండి సాబ్’ అన్నాడు. వేళ్ళతో సాగదీస్తే గుండె గదంత అయింది. ఇంకాస్త సాగదీశాను, తలుపులోంచి బయటపడి ఊరవతల మందిర్ హసౌద్ దాకా పోయింది. ఇలా కాదని చెప్పులు విప్పి దాని లోపలికి నడిచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది బావా?” సూరమ్మ తమ్ముడు భీమారావు ఇంకో చాయ్ చెప్పాడు. అది ఆరోది. బావమరిది ఇంత శ్రద్ధగా వినడం పాతికేళ్ళలో ఇదే మొదటిసారని అమ్మిరాజు మురిసిపోయాడు.

“రక్తం బిలాస్‌పూర్ దాకా గూడ్సు బండ్లలా నిలిచిపోయింది. కవాటాన్ని భుజంతో నెట్టి, బండ్లన్నీ పక్కనుండే లూప్ లైన్లోకి మళ్ళించి, జెండా ఊపాను. ఆ గాలికి వార్డులో నలభై మంది గుండెజబ్బు వాళ్ళు లేచి నడుచుకుంటూ ఇళ్ళకి పోయారు. డాక్టర్లు పని లేక...”

పన్నెండు కావస్తుండగా భీమారావు ఫోన్ మోగింది. విని, జేబులో పెట్టుకున్నాడు.

“బావా, ఆరోజు నేనూ ఉన్నాను. బల్ల మీద గుండె కొట్టుకోవడం చూసి, ఫోన్ నా చేతిలో పెట్టి బయటికెళ్ళావు. మెట్ల మీద కూర్చుని ఏడ్చావు.”

“ఏసీ గాలి నాకు పడదు.”

“అక్క వార్డు కిటికీలోంచి చూసింది. నువ్వు పెట్టలేవని సంతకం తనే పెట్టేసింది. ఎల్లుండి అని నీకు చెప్పాం గానీ ఆపరేషన్ ఇవాళే. ఏడింటికి తీసుకెళ్ళారు. అయ్యేదాకా నీ చేత కథ చెప్పించమంది. ఆపరేషన్ అయిపోయిందని ఇప్పుడే నీలిమ ఫోన్ చేసింది. బాగానే ఉంది.”

సాయంత్రం సూరమ్మ కళ్ళు తెరిచింది. నర్సు అమ్మిరాజుని పది నిమిషాలు లోపలికి పంపింది. ఆ పది నిమిషాలూ అతను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.