ఎనిమిదింటి బటన్

ఆదివారం మధ్యాహ్నం కూతురు మాత్రల డబ్బాను వంటింటి బల్ల మీద బోర్లించింది. తండ్రి తన ఫోన్‌ను మెల్లగా జేబులోకి తోసుకున్నాడు.

“నాన్నా, రోజూ ఎనిమిదింటికి నీ ఫోన్‌లో ‘వేసుకున్నాను’ అని బటన్ నొక్కావు. మరి బీపీ మాత్రలు ఇన్ని మిగిలాయేం?”

“నొక్కమన్నావు, నొక్కాను.”

“వేసుకున్నాక నొక్కమన్నాను! ఆరు నెలల ఆదివారాలు ధారపోసి నీకోసం రాశాను ఆ ప్రోగ్రాం.”

“బానే రాశావమ్మా. ఒక్కరోజూ మొరాయించలేదు.”

“మొరాయించింది నువ్వు. ఎందుకు మానేశావు?”

“వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయి. వర్క్‌షాపులో లేత్ మెషిన్ దగ్గర చెయ్యి పోతే?”

“ఆ మాట నాకు చెప్పొచ్చుగా!”

“పొద్దస్తమానం ఎవరివో వెబ్‌సైట్లు బాగుచేస్తుంటావు. ఫోన్‌లో నీ గొంతు వింటేనే జాలేస్తుంది. మళ్లీ నా గోల కూడా ఎందుకనుకున్నా.”

కూతురు కుర్చీలో కూలబడి లాప్‌టాప్ తెరిచింది.

“ఏం చేస్తున్నావమ్మా?”

“బటన్ తీసేస్తున్నా.”

“అయ్యో, అంత కష్టపడి చేసి!”

“రేపు సెలవు పెడతా. డాక్టర్‌కి చెప్పి మాత్ర మార్పిద్దాం. ఆ తర్వాత రోజూ ఎనిమిదింటికి నేనే ఫోన్ చేస్తా. నువ్వు గుటక వేసిన చప్పుడు విన్నాకే పెట్టేస్తా.”

“ఉత్తి నీళ్లు గుటకేస్తే నీకెలా తెలుస్తుంది?”

“తెలీదు నాన్నా. దానికి ప్రోగ్రాం రాయడం నాకు రాదు.”