రహమత్‌బీ గారు మార్చి చెప్పిన కథ

1989వ సంవత్సరం జూన్ పందొమ్మిదవ తేదీన ఆళ్లగడ్డ వ్యవసాయ కార్యాలయంలో టైపిస్టుగా ప్రవేశించిన శ్రీమతి రహమత్‌బీ గారు, ముప్పై ఆరేళ్ల సేవానంతరం, నంద్యాలలోని మా విత్తన పరీక్షాశాలలో నమూనాల విభాగ పర్యవేక్షకురాలిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

అభినందన వ్యాసాలను నేను నమ్మను. వాటిలో ప్రతి ఉద్యోగీ అజాతశత్రువే. కనుక నేను స్వయంగా పరీక్షించిన విషయాలనే రాస్తాను.

2004లో వారు నంద్యాలకు బదిలీ అయి వచ్చిన నాటి నుండి, రైతులు తెచ్చిన విత్తనాల పొట్లాలలో ఒక్కదాని సంఖ్య కూడా తారుమారు కాలేదు. తారుమారు అవుతుందన్న అనుమానంతో ఇరవై ఏళ్లు సరిచూసిన విశ్లేషకురాలిని నేనే గనుక, ఈ మాటకు నాదే పూచీ.

మా శాలలో ఒక ఆనవాయితీ ఉంది. మధ్యాహ్నం అందరమూ బల్ల చుట్టూ కూర్చుని, పట్టకారులతో మంచి గింజల నుండి కలుపు గింజలను ఏరుతాము. కళ్లకూ చేతులకూ తీరిక ఉండదు, చెవులు మాత్రం ఖాళీ. అందువల్ల రహమత్‌బీ గారు భోజన విరామంలో ముందుగదిలోని టీవీలో రెండు గంటలకు వచ్చే ధారావాహికను చూసి వచ్చి, ఆనాటి కథను మాకు వినిపించేవారు.

మూడేళ్ల క్రితం ఆ ధారావాహికలో చరణ్ అనే రెండవ కుమారుడు, తాను ప్రేమించినది ఒక పురుషుడినని తల్లికి చెప్పే ఘట్టం వచ్చింది. ఎనిమిది వందల భాగాలపాటు పాయసంలో విషం కలిపి బతికిన నిర్మాతలకు అకస్మాత్తుగా కరుణ పుట్టిందంటే నేను విశ్వసించలేదు. నాలుగు వారాలు అతనిని ఎరగా వాడుకుని, ఆపై వైద్యమో పెళ్లో చేసి 'బాగుచేస్తారని' బహిరంగంగానే అన్నాను.

ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర మాతోపాటు గింజలు ఏరే రంగయ్య గారు నవ్వుతూ, "ఏందీ నరేంద్రా, నలభై వస్తాండాయి, నీదీ ఆ చరణ్ కథేనా యేంది?" అన్నారు. అందరూ నవ్వారు. ఆళ్లగడ్డ స్వస్థలమైన, ఆ ఆదివారమే నిశ్చితార్థం కావలసి ఉన్న మా సహోద్యోగి నరేంద్ర గారు తల ఎత్తలేదు.

"రంగయ్యన్నా, నువ్వు గింజలు చూడప్పా. కథ నేను చెప్తాండా కదా," అన్నారు రహమత్‌బీ గారు. "ఆ తల్లి శానాసేపు కూచునింది. మళ్ల లేసి, ఆ పిల్లోడు అన్నం తిన్యాడా అని అడిగింది."

నాకు అనుమానం కలిగింది. ఆ సాయంత్రం ఫోనులో అదే భాగాన్ని ఆసాంతం చూశాను. అందులో తల్లి కొడుకును మూడుమార్లు కొట్టింది, మూడుమార్లూ ఉరుము ఉరిమింది.

మరునాడు వారిని నమూనాల గదిలో నిలదీశాను. మొలకెత్తని గింజను మొలకెత్తినట్టు రాయడం మా వృత్తిలో క్షమార్హం కాదు.

"అవును మేడమ్. టీవీలో కొట్టింది. నా కథలో కొట్టనియ్యలే."

"కారణం?"

"ఆదివారం నిశ్చితార్థమంట. ఆ ఆడపిల్ల బతుకూ ఉంది కదా. ఇట్లాంటిది అమ్మతో చెప్పొచ్చని ఆయప్ప యాడన్నా వినాల కదా మేడమ్."

"ఆయన మీతో ఏమైనా చెప్పారా?"

"చెప్పలే. నేనూ అడగలే."

కల్పితమైన తల్లిని నమ్మి ఆయన నిజమైన తల్లి ఎదుట నిలబడితే ఏమవుతుందో ఆలోచించారా అని అడిగాను. నిజమేమిటో నేనే ఆయనకు చెబుతానన్నాను.

"చెప్పండి మేడమ్. టీవీ తల్లి మాత్రం నిజమా? అదీ ఎవరో రాసిందే కదా."

నరేంద్ర గారికి మాత్రం నేను చెప్పలేదు.

శనివారం నరేంద్ర గారు ఆళ్లగడ్డ బస్సెక్కారు. బుధవారం గాని తిరిగి రాలేదు. సోమ, మంగళవారాల్లో రహమత్‌బీ గారు కథ చెప్పకుండా గింజలే ఏరారు. వచ్చిన ఆయన నేరుగా ఆమె వద్దకు వెళ్లారు.

"మాయమ్మ నీ కథలో తల్లి మాదిరి ఏం అనలేదక్కా. ఆ రాత్రంతా నాతో మాట్లాడలే. తెల్లారి ఆ ఆడపిల్లోళ్ల ఇంటికి తనే పోయి, తప్పు మాదే, మీ బిడ్డకు వేరే సంబంధం చూసుకోండని చెప్పొచ్చింది."

"నీతో?"

"ఇంగా సరిగ్గా మాట్లాడటంలే. అన్నం మాత్రం పెడతాంది."

ధారావాహికలో చరణ్‌కు వివాహం జరిపించారు. దానిని మాకు చెప్పడానికి రహమత్‌బీ గారు నిరాకరించారు.

ఈ భాగాన్ని తొలగించవలసిందిగా సన్మాన సంచిక సంపాదకవర్గం నన్ను రెండుమార్లు కోరింది. 'కుటుంబాలు చదువుతాయి' అన్నది వారి వాదన. చదవాలనే రాశాను. నరేంద్ర గారు తమ పేరుతో సహా ప్రచురించడానికి స్వదస్తూరితో ఇచ్చిన అనుమతి నా వద్ద ఉంది. దాని కింద ఆయన తల్లి శారదమ్మ గారి సంతకం కూడా ఉంది. అది నేను అడిగినది కాదు.

సన్మానసభకు శారదమ్మ గారు ఆళ్లగడ్డ నుండి ఉదయపు బస్సులో వస్తున్నారు. రహమత్‌బీ గారి పక్క కుర్చీని ఆమెకు కేటాయించవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాను. చెప్పుకోవలసిన మాటలు ఇంకా మిగిలిన వారిద్దరూ తీరిగ్గా కూర్చుని చెప్పుకొనేటన్ని సంవత్సరాలు, రహమత్‌బీ గారికి సంపూర్ణ ఆరోగ్యంతో లభించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.