గేటు దగ్గర నేను చెప్పిన అబద్ధాలు

సభకు పెద్దగా కూర్చున్న మన మిల్లు సావుకారు మహదేవప్పగారికి, ముందు వరుసలో ఫ్యాన్ కింద చోటు సంపాదించుకున్న పెద్దలకు, ఫ్యాన్ గాలి అందని మిత్రులకు, అన్నం ఉడికేలోగా ముగించాలని నా ప్రసంగానికి హద్దు గీసిన క్యాంటీన్ అంబమ్మక్కకు, ఇరవై రెండేళ్లు ఈ జిన్నింగ్ మిల్లు మిషన్లను నడిపించి ఇవాళ రిటైరవుతూ, సన్మానం తప్పించుకోవడానికి రెండుసార్లు వెనక గోడ దాకా వెళ్లి పట్టుబడిన మా ఫిట్టర్ అమరేశప్పన్నకు, గేటు వాచ్‌మన్ యల్లేశ్ నమస్కారాలు.

కొత్తగా చేరినవాళ్లకు తెలియదేమో, ఈ అమరేశన్న ఒకప్పుడు బెంగళూరులో పేరుమోసిన రాక్ గాయకుడు. గిటారు పట్టుకుని ఒక్క కేక వేస్తే స్టేడియమంతా లేచి గంతులేసేదట. (నవ్వులు) నవ్వకండి, క్యాసెట్ మీద బొమ్మ నేను చూశాను. నడుము దాకా జుట్టు, మెడలో సైకిల్ చెయిను! ఆ జుట్టుతోనే ఇక్కడ చేరి ఉంటే మొదటి రోజే జిన్నింగ్ మిషన్ ఆయన్ని పత్తితో పాటు లోపలికి లాగేసుకునేది. అంత పేరు వదిలేసి ఈ దుమ్ములోకి ఎందుకొచ్చావన్నా అని అడిగితే, "ఈడ మిషన్ బందైతే ఎవ్వరు చప్పట్లు కొట్టరు యల్లేశా. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని అడగరు. అదే చాలు నాకు" అన్నాడు.

తన కోసం ఎవరొచ్చినా లేనని చెప్పమన్నాడు. ఊరికే లేడంటే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చే అభిమాని పిల్లలు కదులుతారా? రాయచూరు ఎండలో నల్లంగీలు, నల్ల బూట్లు వేసుకుని వచ్చినవాళ్లను చూస్తే నాకు జాలి, అందుకని ముందు మంచినీళ్లిచ్చి తర్వాత అబద్ధం చెప్పేవాణ్ణి. ఒకణ్ణి దేవదుర్గ పంపాను. ఇద్దరిని లింగసుగూరు పంపితే, అక్కడెవరో పుణ్యాత్ములు వాళ్లను రాయచూరు బస్సెక్కించారు, సాయంత్రానికి నా గేటుకే వచ్చి నన్నే దారి అడిగారు. (నవ్వులు) చివరికి దేవదుర్గ బస్టాండు హోటలాయన ఫోన్ చేసి, "ఏంది యల్లేశా, ఈ నెల నల్లంగీలోళ్లు ఒక్కడు రాకపాయె, నా గిరాకీ ఏం గావాలె?" అని దబాయించేదాకా వచ్చింది.

ఇంతవరకు నవ్వుకోవడానికి చెప్పాను. ఇకపై చెప్పేది అన్నకు కూడా తెలియదు. సావుకారుగారూ, ఒక్క నిమిషం ఫోన్ పక్కన పెట్టండి.

తొమ్మిదేళ్ల కింద పొట్టిగా ఒకాయన వచ్చాడు. నల్లంగీ కాదు, మామూలు చొక్కా. బెంగళూరులో అన్నతో కలిసి వాయించేవాణ్ణని, కొట్లాడి విడిపోయామని, తప్పు తనదేనని, ఒక్కసారి ఆ మాట చెప్పి పోతానని అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ వేళ్లతో నా టేబులు వాయిస్తూనే ఉన్నాడు. నేను మంచినీళ్లిచ్చాను. అమరేశప్ప పని మానేసి దేవసూగూరు వెళ్లిపోయాడని చెప్పాను.

కొన్నాళ్లకు అన్న వచ్చి నా పక్కన కూర్చుని, "బెంగళూరు నుంచి పొట్టోడు ఒకడు వచ్చిండా? చేతులు ఊకుండవు వానికి, ఏది దొరికితే దాని మీద కొడ్తుంటడు" అన్నాడు. రాలేదన్నా అన్నాను. ఆ తర్వాత ఏడాదికొకసారైనా అడిగేవాడు, నేను అదే చెప్పేవాణ్ణి. ఎందుకంటే, అన్నా, భయమేసింది. వాడొస్తే నిన్ను మళ్లీ బెంగళూరు తీసుకుపోతాడని, మధ్యాహ్నం నాతో కూర్చుని జొన్నరొట్టె తినేవాళ్లు ఎవరూ ఉండరని. స్వార్థం. ఇంకో పేరు లేదు దానికి.

పోయిన నెల మా అమ్మాయి లహరి పెళ్లికి బ్యాండు పిలిపించాం. ఏటా ఆయుధ పూజకు మన మిల్లులో వాయించే దేవసూగూరు బ్యాండే. చప్పుడు పడదని ఆ పూజ రోజు అన్న సెలవు పెడతాడు కదా, అదే. పెళ్లికీ అందుకే రాలేదు. నేను వాళ్లకు పప్పు వడ్డిస్తుంటే ఎర్రకోటు డ్రమ్మాయన చేతులు విస్తరి మీద ఆడుతున్నాయి. మీది ఏ ఊరని అడిగాను, పెళ్లిబట్టల్లో ఉన్న నన్ను ఆయన గుర్తుపట్టలేదు. "బెంగళూరన్నా. దోస్తును ఎతుక్కుంట మీ మిల్లు కాడికొస్తే, ఎవడో గేటాయన నీళ్లిచ్చి దేవసూగూరు పంపిండు. ఆడ జాతరల డ్రమ్మోనికి జరమొచ్చింటే నన్ను వాయించమన్నరు. ఇగ ఆడనే ఉండిపోయిన, పెండ్లయింది, ఇద్దరు పిల్లలు. ఆ గేటాయన దొరికితే కాళ్లు మొక్కుత" అన్నాడు. (పెద్దగా నవ్వులు) పప్పు గరిట నా చేతిలోనే ఉండిపోయింది. ఎనిమిది ఆయుధ పూజలు వాడు ఇక్కడికొచ్చాడు, ఎర్రకోటు టోపీలో నేను గుర్తుపట్టలేదు, ఎనిమిదిసార్లూ అన్న ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాడు!

అన్నా, ఆయన పేరు శివరాజ్. వెనక షామియానా గుంజ దగ్గర, ఎర్రకోటులో నిలబడి ఉన్నాడు. నేనే పిలిపించాను. (అందరూ వెనక్కి తిరిగి చూశారు) నువ్వేం తిట్టినా పడతాను. మైకులోనే తిట్టు, అందరూ వినాలి. అన్నా, ఏదో ఒకటి అను.

(అమరేశప్ప లేచి: "యల్లేశా, నువ్వు పక్కకు జరుగు. అడ్డమున్నవ్, వాడు కనిపిస్తలేడు.")

జరుగుతున్నానన్నా. విన్నవాళ్లందరికీ కృతజ్ఞతలు, సెలవు.