ప్రథమ ఫలాల బుట్ట

ఎచ్చెర్లకు కాస్త ఎగువన ఒక పెరడు. విశ్రాంత తెలుగు పండితులు శ్రీ అప్పారావుగారు ఈతాకు బుట్టతో సంగ్రామం సాగిస్తున్నారు. వారి అర్ధాంగి జ్ఞానసుందరి నులకమంచం మీద పడుకొని ఆ సంగ్రామానికి సేనాధిపత్యం వహిస్తున్నది.

“మళ్ళీ ఊడిపోనాదేటి?”

“ఊడిపోలేదు. అంచు తన స్వాతంత్ర్యమును ప్రకటించుకొన్నది.”

“నిన్న సాయంత్రం గట్టిగానే ఉన్నాది కదా బావా. నాను సెయ్యేసి సూసినాను.”

“సామ్రాజ్యాలు కూడా సాయంత్రం దాకా గట్టిగానే ఉంటాయి, జ్ఞానం. తెల్లవారి చూస్తే ఉండవు.”

“నీ సామ్రాజ్యాలు తగలెయ్య. ఇలా తే, లేసి సూస్తాను.”

“లేవకు. డాక్టరు లేవవద్దన్నాడు.”

“డాక్టరు ఏటన్నాడో నాకూ ఇనబడ్డాది. ఇంటికి తీసుకెల్లిపోండి, ఇష్టమైంది పెట్టండి అన్నాడు. లేవొద్దనలేదు.”

“ఈ గోగునార పొట్టిదైనది. మరొక పోగు కావలెను.”

“మాట మార్సకు. కోతపండగ ఎప్పుడు?”

“వచ్చే నెల.”

“అప్పటికి నానుండను. అందుకే కదా నేర్పుతన్నాను. మన గట్టుమీది ఈతాకు, మన పెరటి గోగునార, మన సేతులు. ఆ బుట్టలోనే ప్రథమ ఫలాలు పెట్టుకుని సర్చికెల్లాల. మా అమ్మ అలాగే ఎల్లింది. ఏ యేడూ నాను తప్పనేదు.”

“గోనెసంచిలో వచ్చిన గుమ్మడికాయను ప్రభువు నిరాకరించునని బైబిలులో ఎచ్చటనూ లేదు.”

“ప్రభువు ఒప్పుకుంటాడు. నానొప్పుకోను. అందరూ బుట్టలట్టుకుని నిలబడితే నువ్వు ప్లాస్టిక్కు బేసినట్టుకుని నిలబడతావు. ఈ మడిసికి ఇంట్లో ఎవులూ లేరని ఊరంతా సూస్తాది.”

“చూడనీ. అప్పటికి అది అబద్ధం కాదు కదా.”

“బావా.”

“నార ఎటు తిప్పమన్నావు?”

“కుడిపక్కకి. పిల్లలకి అన్నేళ్ళు సందులూ సమాసాలూ సెప్పినావు, కుడీ ఎడమా తెలీదేటి?”

“సంధికి ఆ బాధ లేదు. రెండు పదములు పక్కపక్కన ఉంటే చాలు.”

“నిన్న పాస్టరు బెన్హరుగారొచ్చి, మాస్టారు బుట్టల్లితే అది అద్భుతమే, ప్రార్థనలో పెడతానన్నారు.”

“నీ జబ్బుకంటె నా బుట్ట కఠినమైన ప్రార్థనాంశమన్నమాట.”

“పక్కింటి గ్లోరీ రెండు పూటల్లో నేర్సీసుకుంది. నువ్వింకా మొదటి బుట్ట కాడే ఉన్నావు.”

“మందబుద్ధి శిష్యుడు దొరికినప్పుడు గురువు దీర్ఘాయుష్మంతురాలై ఉండవలెను.”

“ఏటన్నావు?”

“ఏమీ లేదు.”

“బుట్ట నా దగ్గిరెట్టు. ఊఁ. బావా, ఇది ఊడిపోయిన ముడి కాదు.”

“మరి?”

“ఎవులో ఇప్పినారు. నార కొస సూడు, నలిగిపోయి ఉన్నాది.”

“పిల్లి అయి ఉండును.”

“పిల్లికి ముళ్ళిప్పడం వస్తాదేటి?”

“ఈ కాలపు పిల్లులు…”

“బావా. నాకేసి సూసి సెప్పు.”

“నానే.”

“ఎప్పుడు?”

“రోజూ. నువ్వు లెగకముందే ఇప్పీసి కూకుంటన్నాను. బుట్ట అయిపోతే నీకింకేటి పని, జ్ఞానం? నేర్పీసినాను కదాని ఎల్లిపోతావు.”

“కళ్ళు తుడుసుకో. గ్లోరీ వస్తాది.”

“రానీ.”

“ఊరికే ఇప్పినావు బావా. ఇప్పకపోయినా అదే ఊడిపోయేది. అంచు కట్టాల్సింది ఆకు ఆరినాక. తడాకు మీద కడితే, ఆరి సన్నబడి కట్టు జారిపోతాది. అది సిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. అయినా తడిమీదే కట్టమని నీకు సెప్తా వస్తన్నాను. పో, ఇంకో మోపు ఆకు నానబెట్టు.”