బుట్టెడు బొక్కెనాకు

పీట వద్దు అచ్చియ్యమ్మా, కూర్చోను. ఈ కాళ్లు చూడు. పొద్దున్నించి మూడుసార్లు కడిగేను, గోళ్ల సందుల్లో బురద ఇంకా పోలేదు. చీరకి అదే వాసన, జుట్టుకి అదే వాసన. వంటింట్లోకి వచ్చీసింది బురద, పొయ్యి దాకా. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే కాలవ నీళ్లు తాగినట్టుంది.

చాట కింద పెట్టక్కర్లేదు. నీ పని నువ్వు చేసుకో. చెప్పవలసింది చెప్పీసి వెళ్లిపోతాను.

మూడు రోజులు పట్టిన వాన నీకూ తెలిసిందే. మా పెరడంతా వాలు కదా, నూతి దగ్గర్నించి వెనక గుమ్మం దాకా. ఆ ఎర్రమట్టంతా కరిగి ఇంట్లోకి నడిచొచ్చింది. దాంతోపాటు కప్పలు, వానపాములు, కుళ్లిన గడ్డి దుబ్బులు. మాయాయన గుమ్మంలో నిలబడి, పంచె పైకెత్తి పట్టుకుని, "ఏటిది, ఏటిది" అంటన్నారు. కోర్టులో అంత గొంతున్న ప్లీడరు గణపతిరావుగారు ఇంట్లో ఆ ఒక్క మాటే పట్టుకుని నిలబడ్డారు. ఆయన్ని చూస్తే నాకు రోత పుట్టింది.

సరే, అసలు సంగతి అది కాదు. మా అత్తగారు పడిపోయేరు.

అవును, అప్పలనరసమ్మగారే. మొన్న తెల్లారగానే. నూతి పక్కన రాళ్లున్నాయి చూడు, వాటి మీద జారి తుంటి విరిగింది. చీడికాడ నుంచి పరదేశిని పిలిపించేం, ఎముకలు కట్టేవాణ్ణి. కట్టు కట్టేడు. కట్టి, బయటికొచ్చి, "ఈ వయసులో అతకదు బాబూ, ఇంక మంచం మీదే" అన్నాడు. ఆవిడ లోపల్నించి విన్నారు.  మొహం గోడ వైపు తిప్పుకున్నారు.

ఆ పెరడు ముందు ఎలాగుండీదో నాకంటే నీకే తెలుసు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన యేడు కదా ఆ ఇంట్లోకి దిగేం. అప్పుడు గడ్డిపరక లేదు. కాలు పెడితే అరికాలంతా ఎర్రగా అంటుకునీది. నువ్వు పాచిపనికి వచ్చేవు. పని అయిపోయేక నువ్వూ అత్తగారూ నూతి గట్టు మీద కూర్చుని ఎక్కడ ఏది వెయ్యాలా అని ఒకటే ముచ్చట్లు. నాకు వొళ్లు మండీది, పెళ్లికి సంబంధాలు చూస్తన్నట్టు ఏటి ఈ ఎంచడం అని.

గరిక వద్దన్నావు, పూలమొక్కల్ని బతకనివ్వదని. తుంగ అసలే వద్దు, గడ్డ ఒక్కటి మిగిలినా మళ్లీ లేస్తాదని. పల్లేరు ముళ్లు అత్తగారి కాళ్లకి పనికిరావు. ఎండపట్టుకి విష్ణుక్రాంత, తూము దగ్గర తడికి సరస్వతి ఆకు, మిగిలిన వాలంతటికీ నేల మీద పాకే బొక్కెనాకు. రావికమతం దారిలో చెరువు గట్టు మీంచి తీగలు కోసి, తడిగోనెలో చుట్టి తెచ్చీదానివి. కణుపు కణుపుకీ వేరు దిగుతాది, మట్టిని కదలనివ్వదు అన్నావు. వేలెడు ఎత్తు లేని ఆకు మట్టిని పట్టుకోవడమేటని నవ్వుకున్నాను.

రెండు వానలకి చాప పరిచినట్టయింది. అత్తగారు రోజూ పొద్దున్నే చెప్పుల్లేకుండా దాని మీద నడిచీవారు. కాళ్ల మంటలు తగ్గేయనీవారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఓసారి నేనూ నడిచేను. చల్లగా ఉంది. ఎవరికీ చెప్పలేదు.

తరవాత ఆ ఇంజనీరు గారి భార్య తగలడింది, మద్రాసు మనిషి. టీకి పిలిచేను. కొత్త కప్పులు తీసేను. పెరట్లో కుర్చీలు వేయించేను. ఆవిడ చీర అంచు ఎత్తి పట్టుకుని, ఏదో అశుద్ధం తొక్కినట్టు నడిచి, "ఇదేంటండీ కనకమహాలక్ష్మిగారూ, ఇంట్లో పశువుల మేత పెంచుతున్నారా" అని నవ్వింది. మద్రాసులో వాళ్లకి లాన్ ఉందిట. తివాచీలాగ ఉంటాదిట.

నేనూ నవ్వేను. నవ్వి, "మాకు తెలీకుండా పనిమనిషి వేసిందండీ" అన్నాను. నువ్వు నూతి దగ్గర బిందె తోముతన్నావు. నీ చెయ్యి ఆగింది. మళ్లీ తోమేవు.

ఆ రాత్రే మాయాయన్ని అడిగేను, అదంతా తీయించీసి లాన్ వేద్దామని. "అమ్మకి ఇష్టం, ఉండనియ్యి" అన్నారు. వారం పోయేక మళ్లీ అడిగితే అదే మాట. మూడోసారి అడగలేదు. అందులో పాముని చూసేనన్నాను.

అలా చూడకు. చూడలేదు. పామూ లేదు, పాము కుబుసమూ లేదు.

నువ్వు ఏడవలేదు, అరవలేదు. "అమ్మగారూ, ఎక్కడ చూసేరు" అనడిగేవు, అంతే. "సరస్వతి ఆకు దగ్గర. నల్లగా, ఇంత పొడుగు" అన్నాను. చెయ్యి చాపి చూపించేను కూడా.  మాయాయన నీ మీద పడ్డారు, పెద్దావిడ తిరిగే చోట పాములకి పక్క వేసేవా అని. నిన్ను గేటు అవతలికి పంపీసేరు. ఇద్దరు కూలీలు మధ్యాహ్నానికి మొత్తం చెక్కి కుప్ప పోసేరు. ఆ కుప్ప వాడిపోతుంటే పచ్చి వాసన, రెండు రోజులు వేసింది.

ఆ మద్రాసు గడ్డి విత్తనాలు మొలిచేయి, లేదనను. ఎండలు ముదిరేసరికి తామర పట్టిన తలలాగ అయింది నేల. ఎన్ని బిందెల నీళ్లు పోసినా చీమలకే. ఆవిడ ఆ లాన్ చూడనైనా లేదు. ఇంజనీరు గారికి బదిలీ అయిపోయి సామాను కట్టుకుని పోయేరు. నాకు చెప్పి కూడా వెళ్లలేదు.

మరి అత్తగారో, నా పాముని నమ్మీసేరు. ఆ రోజు నుంచి మట్టి మీద కాలు పెట్టలేదు. నూతికి వెళ్లాలంటే కర్ర తాటించుకుంటూ ఆ రాళ్ల మీంచే వెళ్లీవారు. మొన్నా అంతే. రాళ్ల మీదకి బురద వచ్చీసింది. నేనూ మాయాయనా లేవనెత్తుతుంటే, నొప్పితో పళ్లు కరుచుకుని, నా చెయ్యి పట్టుకుని ఏటన్నారో తెలుసా? "కనకం, చూసుకో, పాము ఉంటాదేమో" అన్నారు. నా గురించి భయం ఆవిడకి.

అప్పట్నించీ ముద్ద దిగడం లేదు. బురద వాసన వల్లే అని అందరికీ చెప్తన్నాను.

ఎందుకొచ్చేనంటావా? బొక్కెనాకు తీగలు కావాలి. ఇంకో వాన పడితే వెనక గోడ కూడా ఉండదు.

నిన్ను రమ్మనడం లేదు. నువ్వు గడప తొక్కకూడదంటారు ఆయన, ఇప్పటికీ. నిజం చెప్తే తొక్కనిస్తారు. ఆయన తల్లి అలాగ మంచం మీద ఉండగా నేను ఆ నిజం చెప్పగలనా? పొద్దున్న అత్తగారు, "అచ్చియ్యమ్మ ఓసారి వస్తే బాగుండును" అన్నారు. వినపడనట్టు ఇవతలికి వచ్చీసేను. నువ్వు తీగలియ్యి, నేనే నాటుకుంటాను. ఎంతెంత దూరంలో పెట్టాలో అదొక్కటి చెప్పు.

జానెడా? సరే.

ఎక్కడికి లేచేవు? ఓహో, పాక వెనకాలే ఉందా నీకు. ఇంత దట్టంగా ఉందే. ఇదంతా మా పెరట్లోంచి చెక్కి పారేసిన కుప్పలోదేనా? ఏరుకొచ్చేవా?

ఏదో ఒకటి అను అచ్చియ్యమ్మా. తిట్టు. అలాగ వేరు తెగకుండా ఒక్కో తీగే తీసి బుట్టలో సర్దుతుంటే చూడలేకపోతన్నాను. నా వొంటిని నేనే తాకలేనట్టుంది.

ఏటి? ఇంట్లో చెప్తానా అంటావా?

చెప్పను. పుట్టింటి వాళ్లకీ చెప్పలేదు, దేవుడి గదిలోనూ నోరు విప్పలేదు. నీకొక్కదానికే చెప్పేను. నువ్వు మంచిదానివని కాదు. రేపు నువ్వు వచ్చి మా గేటు ముందు నిలబడి ఇదంతా అరిచినా ఎవరూ నమ్మరు. పని పోయిన మనిషి మాట కదా. అది ఆలోచించుకునే వచ్చేను.

చాలు, బుట్ట నిండింది. సందు చివర ఆపిన బండి దాకా కాస్త తెచ్చి పెట్టు. వీధిలో నేను మొయ్యలేను, ఎవరైనా చూస్తారు.